ఎండను గాదెకెత్తుట

మా యింటి వసారాలో గోడవార ఒక చెక్కపీట యున్నది. ఆ పీటమీద ఇన్వర్టరు బ్యాటరీ కాపురము. నాలుగైదేండ్ల కొకసారి పాతది పోయి క్రొత్తది వచ్చుచుండును గాని, పీట మాత్రము అదియే. బ్యాటరీకి ఆరు నోళ్లు. ఒక్కొక్క నోటినుండి ఎఱ్ఱని పుల్ల యొకటి పైకి తొంగిచూచుచుండును. ఆ పుల్ల క్రుంగిన నాడు మా యింటి యిల్లాలు "దానికి దాహము వేసినది చూడండి" యని పలికి, బ్యాటరీల దుకాణమునకు పోయి డిస్టిల్డ్ వాటర్ డబ్బా తెచ్చువఱకు నన్ను ఊపిరి తీసుకొననీయదు. కడ్డీల చుట్టును తెల్లగా పూచిన పొడిని వేడినీటితో కడిగి వాజలైను పూయుట నా వంతు. ఇంత పరిచర్య చేయించుకొని అది మాకు చేయు ఉపకార మేమనగా, కరెంటు పోయిన మఱుక్షణమే టక్కుమని ఒక చప్పుడు చేసి మూడు పంకాలను, నాలుగు దీపములను మూడు గంటలపాటు నడుపును. పొరపాటున మిక్సీ వేసితిమా, కీచుమని అఱచి సత్యాగ్రహము చేయును.

ఈ పెట్టెలో ఎంత కరెంటు పట్టునో ఒకనాడు లెక్క వేసితిని. 12 వోల్టుల బ్యాటరీ, 150 ఆంపియర్-గంటలది. రెంటిని గుణించిన 1800 వాట్-గంటలు, అనగా బిల్లు భాషలో 1.8 యూనిట్లు. ఇద్దరు మనుష్యులు చెఱియొక ప్రక్క పట్టిగాని కదలింపలేని ఆ సీసపు బరువంతయు కడుపులో దాచుకొన్నది రెండు యూనిట్లకు లోపు. ధర కట్టిన పది రూపాయలకు అటు నిటుగా చేయు సరకు. ఒక్క ఇంటి సంగతి ఇట్లుండగా, సూర్యాస్తమయమైన వెనుక రాష్ట్రమంతయు వాడుకొను విద్యుత్తును పగటి ఎండనుండియే దాచిపెట్టవలెనన్న, ఎంత పెద్ద పెట్టె కావలయునో చదువరులు ఊహించుకొనవచ్చును. ఈ పెట్టెను గూర్చియే ఈ వ్యాసము.

దాచుట మన జాతికి క్రొత్త విద్య కాదు. కోతల కాలమున ఒక్క నెలలో యింటికి చేరిన పంటను పండ్రెండు నెలలు తినవలసియుండుటచేత మన పెద్దలు గాదెలు, గరిసెలు కట్టిరి, పాతరలు త్రవ్విరి. వేసవి మామిడికాయను ఆవకాయ జాడీ కెక్కించి మఱుసటి వేసవి వఱకు కాపాడిరి. నాలుగు నెలల వాననీటిని గట్టుకట్టి చెఱువుగా నిలిపిరి. విద్యుత్తు ఒక్కటియే ఈ విద్యకు లొంగక, పుట్టిన క్షణముననే ఖర్చు కావలెనని పట్టుపట్టుచు వచ్చినది. మన గదిలో మీట నొక్కిన క్షణమున వెలిగిన దీపమునకు కావలసిన విద్యుత్తు సరిగా ఆ క్షణముననే ఎక్కడనో ఒకచోట ఒక యంత్రము పుట్టించుచుండవలెను. ముందు పుట్టించి మూటకట్టుటకు లేదు, తరువాత అప్పు తీర్చుటకును లేదు.

తిరగలి త్రిప్పినవారికి దీని మర్మము చెప్పకయే తెలియును. ఒక్క వేగమున తిరుగుచున్న తిరగలిలో దోసెడు గింజలు హఠాత్తుగా పోసిన రాయి బరువెక్కి మందగించును. చేయి బలము వెంటనే పెంచనిచో ఆగిపోవును. గింజలు అయిపోయినను అదే బలముతో త్రిప్పినచో పిడి చేతినుండి ఎగిరిపోవును. దేశపు విద్యుత్తు వల కూడ ఇటువంటి తిరగలియే. దాని వేగము సెకనుకు 50 ఆవృత్తులు, అది 49.90కి దిగువకు గాని, 50.05కు ఎగువకు గాని పోకుండ చూచుటకు లోడ్ డిస్పాచ్ కేంద్రములలో రాత్రింబవళ్లు మనుష్యులు తెరలకు కన్నులప్పగించి కూర్చుండియుందురు. ఆ పట్టు తప్పిన నేమగునో 2012 జూలై 30, 31 తేదీలలో లోకము చూచినది: రెండవనాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడును కూలి, అఱువది కోట్లకు పైబడిన జనము నివసించు భూభాగము చీకటిపాలయ్యెను. దక్షిణ గ్రిడ్డు అప్పటికి ఉత్తరాదితో ఏకవేగమున ముడిపడియుండలేదు. ఆ ముడి 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైనుతో పడినది. కావున ఆనాడు మనము తప్పించుకొంటిమి. ఇప్పుడు కాశ్మీరమునుండి కన్యాకుమారి వఱకు ఒక్కటే తిరగలి.

బొగ్గుతో విద్యుత్తు పుట్టించిన కాలమున ఈ తిరగలి త్రిప్పుట కష్టమే యైనను, దాచుట యను చింత ఎవరికిని అంతగా లేకుండెను. ఏమన, విజయవాడ దగ్గఱి కేంద్రపు ఆవరణలో గాని, రామగుండము ఆవరణలో గాని కొండవలె పోసియున్న బొగ్గు కుప్పయే ఒక గాదె. సాయంకాలము గింజలెక్కువ పడినచో నాలుగు పారలెక్కువ వేసికొందురు. గాదె ముందు, యంత్రము తరువాత. సూర్యుని విషయమున ఈ వరుస తలక్రిందులైనది. ఎండను కుప్పపోయుటకు వీలులేదు, గాలిని గోతాముల కెత్తుటకు వీలులేదు. ఇంధనమును ముందు దాచలేనివారు, పుట్టిన విద్యుత్తునే తరువాత దాచుకొనవలెను. గాదె యంత్రమునకు వెనుకకు జరుగవలెను. నేటి విద్యుత్ శాస్త్రజ్ఞుల తలనొప్పి యంతయు ఈ ఒక్క మార్పునుండి పుట్టినదే యని నా యభిప్రాయము.

కర్నూలు ప్రాంతమున గని, శకునాల గ్రామముల పొలిమేరలో 2017లో పూర్తియైన 1000 మెగావాట్ల సౌర విద్యుత్ క్షేత్రము ఆ నాటికి ఒకేచోట నెలకొల్పిన వానిలో ప్రపంచమునకెల్ల పెద్దది. రాళ్లు తప్ప మఱేమియు పండని ఆ నేలపై నీలిపలకలు వరుసలు తీరి మధ్యాహ్నపు ఎండను త్రాగుచుండగా చూచినవానికి, ఇక మనకు కొఱత యేమని తోచుట సహజము. కాని గడియారము చూడవలెను. సాయంకాలము ఆరు దాటుసరికి ఆ వేయి మెగావాట్లు సున్నకు దిగును. సరిగా ఆ వేళకే పల్లెలో దీపములు, పట్టణములో ఏసీలు, వంటింట గ్రైండరు, ముందుగదిలో టీవీ ఒక్కుమ్మడిగా నోళ్లు తెఱచును. పగలు విద్యుత్తు మిగిలి పలకలను ఆపివేయవలసి వచ్చుట, సాయంకాలము చాలక బొగ్గుపొయ్యి రాజేయవలసి వచ్చుట, ఈ రెండును ఒకే దినమున జరుగుచుండును. కాలిఫోర్నియాలోని గ్రిడ్డు నిర్వాహకులు 2013లో ఈ దినచర్యను గీత గీసి చూడగా, మధ్యాహ్నము పొట్ట క్రుంగి సాయంకాలము మెడ నిక్కి అది బాతువలె కనబడినది; నాటినుండి దానికి బాతుగీత యని పేరు. మనవారు గీసియున్నచో కొంగ యనియుందురేమో.

ఈ బాతు మెడను వంచుటకు తెలుగుదేశమున ఏనాడో ఒక ఉపాయము సిద్ధము చేసికొన్నాము; చేసికొని చిరకాలము వాడుకొనలేదు. నాగార్జునసాగరమున ఆనకట్ట క్రింద నున్న ప్రధాన విద్యుత్కేంద్రములో ఎనిమిది యంత్రములు కలవు. మొదటిది 110 మెగావాట్ల మామూలు యంత్రము. తక్కిన ఏడును, ఒక్కొక్కటి 100.8 మెగావాట్లవి, ఉభయకారులు: నీరు పైనుండి క్రిందికి పడునపుడు టర్బైనులై విద్యుత్తు నిచ్చును, విద్యుత్తు నిచ్చి ఎదురు త్రిప్పినచో పంపులై అదే నీటిని జలాశయములోనికి ఎత్తిపోయును. 1980 తరువాతి అయిదారేండ్లలో ఇవి ఒకటొకటిగా అమరినవి. ఇంతటి యోచన చేసినవారు ఒక్కదానిని మాత్రము కాలమునకు వదలిరి. నీటిని తిరిగి ఎత్తవలెనన్న క్రింద నీరు నిలిచియుండవలెను గదా. టర్బైనులనుండి వెడలిన కృష్ణ డెల్టా దారి పట్టి పోవుచుండగా పంపులు దేనిని ఎత్తవలెను? ఆ నీటిని ఆపుటకు ఇరువది కిలోమీటర్ల దిగువన సత్రశాల వద్ద కట్టవలసిన అడుగు చెఱువు సిద్ధమగుసరికి మూడు దశాబ్దములు గడచినవి. అంతవఱకు ఏడు పంపులును పంపుపని మఱచి టర్బైనులుగనే బ్రదికినవి. ఈలోపల రాష్ట్రము రెండై, యంత్రశాల తెలంగాణ పాలు, అడుగు చెఱువు ఆంధ్రప్రదేశ్ పాలు పడినవి. రోలు ఒకరి యింట, రోకలి యొకరి యింట ఉన్నట్లయినది.

ఇంత నీరేల, ఇంత కొండయేల యని అడుగువారికి నేను మేడమీది తొట్టిని చూపుదును. వేయి లీటర్ల నల్లని తొట్టి. నేలకు పది మీటర్ల ఎత్తున నున్నదనుకొందము. దానిని నింపుటకు మోటారు ఎంత రొద చేయునో మనకు తెలియును. ఆ నీరంతయు చుక్క నష్టము లేకుండ క్రిందికి దూకి విద్యుత్తుగా మారినను, దానితో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు మూడు గంటలు మాత్రమే వెలుగును. ఎత్తునకు తెచ్చిన నీటిలో దాగు శక్తి అంత స్వల్పము. ఒక్క యూనిట్టు కావలెనన్న, అదే వేయి లీటర్లను 367 మీటర్ల ఎత్తునకు చేర్చవలెను. కాని మన నదులు తొట్టిలెక్కలో పాఱవు. ఒక టీఎంసీ నీరు నూఱు మీటర్ల ఎత్తున నిలిచినచో దానియందు 77 లక్షల యూనిట్లు దాగియుండును. అందుచేతనే ఈ పద్ధతికి కొండయు, నీరును రెండును కావలెను. ఒకటి యుండి మఱియొకటి లేనిచోట ఇది పనికిరాదు. మనకు నల్లమల యున్నది, కృష్ణ యున్నది.

శ్రీశైలము ఎడమగట్టున కొండను తొలిచి కట్టిన భూగర్భ కేంద్రములో 150 మెగావాట్ల ఉభయకారి యంత్రములు ఆరు కలవు. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో అవి పనికి వచ్చినవి. నాగార్జునసాగరపు వెనుకనీరే వానికి అడుగు చెఱువు. 2020 ఆగస్టులో ఆ సొరంగములో అగ్ని చెలరేగి తొమ్మండుగురు ప్రాణములు కోల్పోయిన సంగతి చదువరులు మఱచియుండరు. మీట నొక్కిన దీపము వెలుగుట వెనుక ఇటువంటి చీకటి గుహలలో పనిచేయువారు ఉన్నారని చెప్పుటకే దీనిని ఇచట స్మరించితిని.

ఇప్పుడు నదితో నిమిత్తము లేకుండ ఇదే పనిని చేయు క్రొత్త మార్గమొకటి వచ్చినది. కర్నూలు, నంద్యాల జిల్లాల సరిహద్దున పిన్నాపురము వద్ద 1680 మెగావాట్ల నిర్మాణమునకు 2022 మే నెలలో శంకుస్థాపన జరిగినది. అక్కడ నదికి అడ్డుకట్ట లేదు. కొండపై ఒక చెఱువు, కొండక్రింద ఒక చెఱువు, నడుమ గొట్టములు, యంత్రశాల. గోరుకల్లు జలాశయమునుండి ఒక్కసారి నీరు నింపుకొని, ఆవిరియైన మేరకు మాత్రము మఱల పోసికొనుచు, ఆ టీఎంసీ పైచిలుకు నీటినే పగలు పైకి, సాయంకాలము క్రిందికి త్రిప్పుచుండుట దాని ధర్మము. ప్రక్కనే సౌర విద్యుత్తును, గాలిమరలను కూడ కలిపి పెట్టవలెనని సంకల్పము. ఆ యంత్రములు నిండుబలముతో ఆరు గంటలు నడచినచో కోటి యూనిట్లు. మా వసారా బ్యాటరీలు యాబదియైదు లక్షలకు పైగా పేర్చినగాని అంత విద్యుత్తు నిలువదు. నదీగర్భమును, అడవిని, ఊళ్లను ముంచు పని తక్కువగుటచేత ఈ పద్ధతి నాకు నచ్చినది. అయినను కొండ ఎవరిది, అక్కడ మేకలు మేపుకొనువారు ఎటు పోవలెనను ప్రశ్న శంకుస్థాపన ఫలకముతో తీరునది కాదు.

నీటి గాదెకు పేరుపొందినది బ్రిటనులోని వేల్స్ దేశపు దినార్విగ్. పలకరాతి గని మూతపడిన కొండలోపల కట్టిన ఆ కేంద్రము 1984లో మొదలయ్యెను. పావు నిమిషమునకు అటు నిటుగా అది సున్ననుండి నిండుబలమునకు లేవగలదు. అంత తొందర యెందుకనగా, అచటి జనము టీవీలో ఆట ముగిసిన వెంటనే లక్షలమంది ఒక్కసారి లేచి తేనీటి కెటిళ్లు పెట్టుదురు. 1990లో ఇంగ్లండు, పశ్చిమ జర్మనీ జట్ల ఫుట్‌బాల్ సెమీఫైనల్ ముగిసిన క్షణమున ఆ దేశపు గ్రిడ్డుపై 2800 మెగావాట్ల భారము ఒక్కసారి పడినది. ఓటమి దుఃఖము తేనీటిలో కలిసిపోయిన రీతి అది.

నీటి గాదెకు బలమున్నది గాని, కొండ దొరకనిచోట దానికి గతిలేదు. కట్టుటకు ఏండ్లు పట్టును. అక్కడ లిథియము బ్యాటరీ ముందుకు వచ్చినది. దక్షిణ ఆస్ట్రేలియాలో 2016 సెప్టెంబరు 28న తుపాను గాలికి విద్యుత్ స్తంభములు విఱిగి రాష్ట్రమంతయు చీకటి యయ్యెను. గాలిమరలను ఎక్కువ నమ్మినందుకే ఈ గతి పట్టినదని కొందఱు, కాదని కొందఱు వాదములాడుచుండగా, టెస్లా అధిపతి ఎలాన్ మస్క్ ఒప్పందమైన నూఱు దినములలో బ్యాటరీ కట్టి యిత్తును, లేనిచో డబ్బు వలదని బహిరంగముగా పందెము కాసెను. గడువు దాటక ముందే, 2017 డిసెంబరు 1 నాటికి, హార్న్స్‌డేల్ గాలిమరల ప్రక్కన 100 మెగావాట్ల బ్యాటరీ పని ప్రారంభించినది. అది అయిన రెండు వారములకు వేయి కిలోమీటర్ల దూరమున విక్టోరియాలో 560 మెగావాట్ల బొగ్గు యంత్రమొకటి తటాలున ఆగిపోగా, మనిషి చేయి మీటపై పడకముందే, సెకనులో కొంతభాగములో ఈ బ్యాటరీ విద్యుత్తును విడిచి వేగమును నిలుపుటకు భుజము పట్టినది. అది విడిచినది ఏడు మెగావాట్లకు కొంచెము పైన. పోయిన 560 ముందర అది లెక్కకు రానిది. ఆనాడు ఇంజనీర్లను ఆశ్చర్యపఱచినది దాని వేగము.

ఆ వేగమునకు ఎందుకింత విలువ? బొగ్గు కేంద్రములలో వందల టన్నుల ఇనుము తిరుగుచుండును. తిరగలి పైరాయి బరువెక్కువ యైనచో చేయి ఒక్క క్షణము జాఱినను అది ఆగదు. సౌర పలకలో తిరుగునది ఏదియు లేదు. అట్టి బరువు తగ్గిన వలలో చిన్న కుదుపునకే వేగము జాఱును. ఆ కుదుపును బ్యాటరీ పట్టవలెను. గంటల పనికి నీరు, రెప్పపాటు పనికి బ్యాటరీ యని మొదట పనులు పంచుకొనిరి. ఇప్పుడా పంపకము చెరిగిపోవుచున్నది. 2010 నాటి ధరతో పోల్చిన లిథియము బ్యాటరీల వెల పదింట తొమ్మిది పాళ్లు దిగినది. కావున రెండు గంటలు, నాలుగు గంటలు నిలుపు బ్యాటరీలను కూడ మన దేశమున సౌర విద్యుత్తు టెండర్లతో జతచేయుచున్నారు.

ఇంతవఱకు చదివినవారు గాదె కట్టినచో ఇక పంట కొఱత యుండదని భ్రమపడరాదు. గాదె గింజను పండింపదు. పైగా ఎలుకల వాటా తప్పదు. నీటి పద్ధతిలో నాలుగు యూనిట్లు పోసిన మూడు తిరిగివచ్చును. బ్యాటరీలో పదింట ఎనిమిదిన్నరో తొమ్మిదో దక్కును. బ్యాటరీకి ముసలితన మున్నది, అగ్నిభయ మున్నది. 2025 జనవరిలో కాలిఫోర్నియాలోని మాస్ లాండింగ్ బ్యాటరీ కేంద్రము అంటుకొన్నపుడు చుట్టుపట్ల జనమును ఊళ్లు ఖాళీ చేయించిరి. అన్నింటికంటె పెద్ద చిక్కు ఋతువులది. ఆషాఢ శ్రావణములలో రాయలసీమ గాలిమరలు ఉబ్బి తిరుగును. ఆశ్వయుజము వచ్చుసరికి చల్లబడును. తుపాను పట్టి వారము దినములు మబ్బు విడువనిచో, ఆరు గంటల గాదె మొదటి రాత్రికే అడుగంటును. ఆవకాయ జాడీవలె ఏడాదిపాటు నిలుపు పద్ధతి, మనము భరింపగల వెలకు, విద్యుత్తునకు ఇంకను చిక్కలేదు.

కావున దాచుటకంటె ముందు చేయవలసిన పని యొకటున్నది, పండినపుడే తినుట. వెనుకటి దినములలో త్రీఫేజు కరెంటు వంతులవారీగా అర్ధరాత్రి వచ్చుచుండెడిది; రైతు చేత బ్యాటరీ లైటు పట్టుకొని, గట్టుమీద పాము నెక్కడ తొక్కుదునో యని బెదరుచు పోయి స్టార్టరు నొక్కివచ్చెడివాడు. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయమునకు పగటిపూటనే తొమ్మిది గంటల సరఫరా చేయవలెనను విధానము రైతు ప్రాణమునకు మేలు చేసినది, గ్రిడ్డునకును చేసినది. మధ్యాహ్నపు ఎండతో బోరునుండి ఎత్తిన నీరు మడిలో నిలిచి రాత్రియంతయు పైరునకు పనికి వచ్చును. ఖర్చులేని గాదె అది. పెట్టుబడి లెక్కలలో దాని పేరు కనబడదు.

ఇండ్లవారికిని ఇది వర్తించును. ఎండవేళ విద్యుత్తు ధర 10 నుండి 20 శాతము తక్కువగను, సాయంకాలపు రద్దీలో అంతే ఎక్కువగను ఉండవలెనని కేంద్ర ప్రభుత్వము 2023లో నియమములు చేసినది. మీటర్లు మారి అది ఇంటింటికి చేరుటకు కాలము పట్టును. అందాక నిరీక్షింప పనిలేదు. మీ మేడమీది తొట్టిని నింపు ఒక హార్స్‌పవర్ మోటారు అరగంటలో యూనిట్టులో మూడవవంతుకు కొంచెము పైన త్రాగును. దానిని సాయంకాలము ఏడింటికి గాక మధ్యాహ్నము పండ్రెండింటికి వేయుడు. మా యింట ఇప్పుడు ఆ వేళకే వేయుచున్నాము, తొట్టి సాయంకాలమునకు నిండుగనే యుండుచున్నది.